మూడో కూత

నా చిన్నప్పుడు మా ఇంట్లో సిరా కాచేవాళ్ళం. కరక్కాయలు దంచి నానబెట్టి, తుప్పు మేకులు నాలుగు వేసి, మట్టి మూకుడులో మరగబెడితే ఇల్లంతా వగరు వాసన పట్టేది. మా నాన్న మిషను బడి పంతులు కాబట్టి బడి పిల్లలందరికీ ఆ సిరాయే. ఒక వేసవిలో మాత్రం మా చిన్నాన్న కోసం విడిగా ఒక మూకుడు కాచాం. పెద్ద చదువుకు దరఖాస్తు పెట్టడానికి. ఆ మూకుడును చివరికి కడిగి పారబోసింది నేనే. ఇన్నేళ్ళయినా ఆ నలుపు వేళ్ళకు అంటినట్టే ఉంటుంది.

మాది డుంబ్రిగుడకు అవతల కొండ మీద చిన్న పల్లె. మన్యంలో పితూరీ, అదే దొరతనం మీది తిరుగుబాటు, అణగి ఏడాదో రెండేళ్ళో అయిన రోజులు. మా తాత సువార్త చెప్పడానికి కింది మైదానం నుంచి వచ్చి, ఇక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని, జ్వరంతో తొందరగా పోయాడట. ఆ పిల్లే మా నాన్నకూ చిన్నాన్నకూ తల్లి, మా మామ్మ. అక్షరం ముక్క రాదు. కానీ సంతలో ఆమెను మోసం చేసినవాడు లేడని ఊళ్ళో చెప్పుకొనేవారు.

చిన్నాన్న కిందికి పోయి బి.ఏ. పట్టా పుచ్చుకుని వచ్చాడు. అక్కడితో ఆగలేదు. సముద్రం ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయంలో, పేరెందుకు లెండి, అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదవాలని ఆయన కోరిక. అర్థశాస్త్రమంటే ఏటిరా అని మామ్మ అడిగింది. మనుషులు ఏది ఇచ్చి ఏది పుచ్చుకుంటారో, అలా ఎందుకు పుచ్చుకుంటారో చెప్పే చదువమ్మా అన్నాడు. "దానికి అంత దూరం పోవాలేటి?" అని మామ్మ తన పనిలో తను పడిపోయింది.

ముందటేడు దరఖాస్తు రాస్తూ రాస్తూ మన్యం జ్వరంతో మంచం పట్టాడు, గడువు దాటిపోయింది. నిరుడు పంపిన కాగితాలు ఏదో లోపమని వెనక్కి వచ్చాయి. ఇది మూడోసారి. చిన్నాన్న మంచివాడని ఉత్తరం రాసిచ్చిన మిషను దొరగారు ఆ నెలాఖరుకు తన దేశం వెళ్ళిపోతున్నారు. వచ్చే ఏడు అలాంటి ఉత్తరం రాసిచ్చేవాళ్ళు మా కొండల్లో ఇంకెవరూ లేరు. పైగా కాలేజీ వదిలి వచ్చి ఏళ్ళయింది, ఇంకా ఆలస్యమైతే తీసుకోరని కూడా భయం. ఆ రోజుల్లో చిన్నాన్న ముఖం చూస్తే ముప్పయ్యేళ్ళయినా నిండనివాడంటే ఎవరూ నమ్మేవారు కాదు.

దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం కూడా పంపాలి. మీ ప్రాంతంలో జనం బతుకుతెరువు గురించి మీరు స్వయంగా చూసిందొకటి రాయమన్నారు. చిన్నాన్న మా సంత గురించి రాశాడు. అంతా సిరాతోనే రాయాలని ఆ కాగితం మీద అచ్చేసి ఉందట. ఒక్క మరక పడినా ఆ పుట చింపి మళ్ళీ రాసేవాడు. పది రోజులు పట్టింది. అయ్యాక ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పి వినిపించాడు.

కొండ మీది ఆడది కావడి నిండా పిక్క తీసిన చింతపండు మోసుకొచ్చి రెండు మానికల ఉప్పుకు ఇచ్చేస్తుంది. అదే చింతపండుకు కింద ఎనిమిది మానికల ఉప్పు వస్తుంది. కాబట్టి కొండవాళ్ళకు తమ సరుకు విలువ తెలియదు. ఇదీ ఆయన రాసినదాని సారం. మా నాన్న బాగుందన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు, అర్థం కాకపోయినా నేనూ బాగుందన్నాను. మామ్మ మాత్రం ఒక్క మాట అడిగింది.

"కూతల సంగతి రాసినావేటి?"

"అది అర్థశాస్త్రం కాదమ్మా" అని చిన్నాన్న నవ్వాడు.

కూతలంటే ఏమిటో చెప్పాలి. సంతకు ఆరు మైళ్ళ అడవిదారి. ఎలుగులుండేవి, అప్పుడప్పుడు పులి కూడా కనిపించేది. అందుకని ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతో కలిసి వెళ్ళి కలిసి రావాలి. పొద్దు వాలే వేళకు ఊరి పెద్దావిడ ఒకామె సంత చివర బండరాయి ఎక్కి కూత పెట్టేది. ఒక్కో ఊరికి ఒక్కో కూత. మా ఊరిది పొడుగ్గా లేచి చివర తెగిపోయేది. మొదటి కూతకు బేరాలు ముగించుకోవాలి. రెండో కూతకు మూటలు కట్టుకోవాలి. మూడో కూతకు నడక మొదలు. రానివాళ్ళ కోసం ఎవరూ ఆగరు, ఒకరి కోసం ఆగితే పదిమందికి దారిలో చీకటి పడుతుంది.

కిందికి వెళ్ళే తపాలా సంచి వారానికోసారి, ఆ సంత రోజే, అక్కడి నుంచే కదిలేది. గడువు లోపల చేరాలంటే ఆ వారం సంచే ఆఖరిది. పొద్దున్నే చిన్నాన్న కవరు చొక్కా లోపల పెట్టుకుని బయలుదేరుతుంటే మామ్మ గుమ్మంలో చింతపండు కావడి తెచ్చి పెట్టింది.

"ఎలాగూ ఎల్తన్నావు కదా, ఇదీ అట్టుకెల్లు. నాకు మోకాళ్ళు లెగట్నేదు. ఇంట్లో ఉప్పు రాయి నేదు. నీకు ఎంత నాయెమనిపిత్తే అంతకివ్వు."

గుంట తోడుంటాదని నన్ను కూడా వెంట పంపింది. రెండు మైళ్ళు పోయేసరికి చిన్నాన్న భుజం కమిలిపోయింది. పుస్తకాలు మోసిన భుజం అది. వెనక నుంచి వచ్చే ఆడవాళ్ళు అంతకంటే పెద్ద కావళ్ళతో మమ్మల్ని దాటుకుని పోతూ నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. భుజం మార్చుకుంటూ, ఎనిమిది రాకపోయినా ఆరుకు తక్కువ ఇవ్వనని నాతో అన్నాడు.

సంతలో ఉప్పు షావుకార్లు నలుగురు. మొదటివాడు కావడి చూసి రెండు మానికలూ తవ్వెడూ ఇస్తానన్నాడు. అంటే రెండున్నర. ఎనిమిదికి చిన్నాన్న పట్టుబట్టాడు. కింద ధర ఎంతో, బండి కిరాయి ఎంతో, లాభం ఎంత పోనూ ఎంత ఇవ్వవచ్చో వేళ్ళ మీద లెక్క చెప్పాడు. షావుకారు కోపగించుకోలేదు, కాదనలేదు. అంతా విని, "ఎండ వాలనీ బాబూ, సూద్దాం" అన్నాడు. రెండోవాడూ అదే మాట. మూడోవాడూ, నాలుగోవాడూ అదే. చిన్నాన్న పెన్సిలు ముక్కతో ఒక కాగితం మీద నలుగురి ధరలూ రాసుకుంటూ సంతంతా తిరిగాడు. నేను కావడి దగ్గర కూర్చుని ఈగలు తోలాను. మా ఊరి ఆడవాళ్ళు మాత్రం ఎండ నడినెత్తికి రాకముందే అమ్మేసి, ఉప్పు మూట పక్కన పెట్టుకుని కబుర్లాడుతున్నారు.

అప్పుడు మా ఊరి మొదటి కూత వినపడింది. నేను లేచి నిలబడ్డాను. కావడి పక్కనే ఉన్న మొదటి షావుకారు అప్పటికే తలెత్తి చూస్తున్నాడు. అది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మేమెవరమో, మాది ఏ ఊరో ఆయనకు తెలుసు. మా కూత మాకంటే ముందు ఆయనకే వినపడింది. చిన్నాన్న అతని దగ్గరికి వెళ్ళేసరికి ధర రెండు మానికలైంది.

చిన్నాన్న మొండికేశాడు. కావడి తిరిగి తీసుకుపోతాను గానీ ఇవ్వనన్నాడు. షావుకారు సరేనన్నాడు. ఆ కమిలిన భుజంతో ఎత్తు దారిలో మోయలేడని, మోసినా ఇంట్లో ఉప్పు లేదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో కూతకు మానికన్నర అన్నాడు. నాకు ఆకలి, కాళ్ళ నొప్పులు, మావాళ్ళు మూటలు ఎత్తుకుంటున్నారు. నేను ఏడుపు లంకించుకున్నాను.

"సిన్నాన్నా, మనోలు ఎలిపోతన్నారు" అని ఆయన పంచె పట్టుకు లాగాను.

మూడో కూత సగంలో ఉండగా చిన్నాన్న మానికెడు ఉప్పుకు కావడి దించేశాడు. షావుకారు అడ్డాకుల్లో పొట్లం కట్టి ఇస్తూ, పాపం, పైన ఒక పిడికెడు నా చేతిలో పోశాడు. అతన్ని చెడ్డవాడనడానికి నాకు ఇప్పుడు కూడా నోరు రాదు.

మా వాళ్ళు అప్పటికే దారి పట్టారు. పరుగెత్తితే కలుసుకొనేవాళ్ళమే. చిన్నాన్న పరుగెత్తలేదు. తపాలా సంచి కడుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి, చొక్కాలోంచి కవరు తీసి, ఇవ్వకుండా అలాగే నిలబడిపోయాడు. తర్వాత కవరు విప్పాడు. వ్యాసంలో ఆఖరి పుట తీసి నాలుగు ముక్కలు చేశాడు. అక్కడే బండ మీద కూర్చుని, పొద్దుట ధరలు రాసుకున్న ఆ కాగితం వెనక వైపు, పెన్సిలు ముక్కతో రాయడం మొదలుపెట్టాడు.

"బేగి ఇవ్వండి బాబూ. నాను గాటీ దిగాల" అన్నాడు తపాలా మనిషి.

"సిరాతోనే రాయాలన్నావు కదా" అన్నాను నేను, ముక్కు తుడుచుకుంటూ.

"సిరాతో రాసింది తప్పే గుంటా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు. అలసట ఒక్కటే ఉంది.

కాగితం మడిచి లోపల పెట్టి, కవరు తపాలా మనిషి సద్ది మెతుకులతో అంటించి ఇచ్చేశాడు. సంచి ఒక వైపు దిగింది, మేమొక వైపు ఎక్కాం. తోడు లేని ఆ అడవిదారిలో ఆయన నా చెయ్యి వదల్లేదు. నేను ఎండుటాకు చప్పుడైనా ఉలిక్కిపడ్డాను. సగం దారిలో ఒక గెడ్డ, చిన్న కొండవాగు, ఉంది. పొద్దు కొండ వెనక్కి దిగే వేళకు అక్కడికి చేరాం. గెడ్డ ఒడ్డున భుజం మీద గొడ్డలితో మామ్మ నిలబడి ఉంది. మోకాళ్ళు లేవనిది మూడు మైళ్ళు నడిచి వచ్చింది. మాకు ఎదురొచ్చి, మా ఊరివాళ్ళతో మేం కనపడకపోయేసరికి వాళ్ళను ముందుకు పంపి తను ఆగిపోయిందట.

పొట్లం అందుకుని చేత్తో తూచి చూసింది.

"మానికేనా? నానైతే రెండు మానికలూ తవ్వెడూ తెద్దును. పొద్దున సావుకార్లకి గోనెలు కాళీగుంటాయి, నింపుకోవాలని ఆత్రం. అప్పుడే ఇచ్చీయాల."

చిన్నాన్న ఆమె మోకాళ్ళ వైపు చూసి, "తెలిసిందమ్మా" అన్నాడు. మామ్మ ముందు నడిచింది, మేం వెనక నడిచాం. ఆ పూట అంబలిలో ఉప్పు సరిపోయింది.

వానలు పడ్డాక కవరు వెనక్కి వచ్చింది. దాంతో అచ్చు కాగితం ఒకటి. సిరాతో రాయాలన్న వరుస కింద ఎర్రగా గీత గీసి ఉంది. దొరగారు అప్పటికే ఓడెక్కేశారు. చిన్నాన్న ఆ కాగితం చదివి, మడిచి, బడికి వెళ్ళి పిల్లలకు ఎక్కాలు చెప్పాడు. ముప్పయ్యేళ్ళు అదే బడిలో చెప్పాడు. మళ్ళీ ఎక్కడికీ దరఖాస్తు పెట్టలేదు.

మామ్మ నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. "నానే పాడు సేసినాను" అని మా అమ్మతో అంటుంటే విన్నాను. కొడుకు కళ్ళు తెరిపించి, తర్వాత తీరిగ్గా రాయించవచ్చనుకుంది. ఆ సంచే ఆఖరిదని ఆమెకు తెలియదు. విశ్వవిద్యాలయానికి కూడా ఒక మూడో కూత ఉంటుందని మాలో ఎవరం ఆమెకు చెప్పలేదు. అడవికి భయపడని మనిషి ఆ తర్వాత తపాలా మనిషిని చూస్తే పక్కకు తప్పుకొనేది.

నా ఏడుపు వల్లే ఆయన అంత తక్కువకు ఇచ్చేశాడని, నా వల్లే చదువు పోయిందని చాలా ఏళ్ళు నాలో నేను కుమిలిపోయాను. పెళ్ళయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఆయన, "నువ్వు ఏడవకపోతే మూడో కూత ఆగేదేటే?" అన్నాడు.

ఆయన పోయాక పెట్టెలో ఆ కవరు దొరికింది. పెన్సిలు రాత సగం చెరిగిపోయింది. అప్పటికి నాకూ ఇంగ్లీషు వచ్చు కాబట్టి చదవగలిగాను. 'కొండ స్త్రీకి తన సరుకు విలువ తెలుసు. మొదటి కూతకూ మూడో కూతకూ మధ్య అది ఎంత తగ్గిపోతుందో కూడా తెలుసు. ఆ సంగతి తెలియక ఈ రోజు నేను మానికెడు ఉప్పుకు అమ్మాను.' అంతే ఉంది. వెనక వైపు నలుగురు షావుకార్ల ధరలు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పట్టుమని పది అడుగులు వేయలేను, వీధి అరుగు మీదే నా కాలక్షేపం. మధ్యాహ్నం దాటాక ఎవరో ఒక ఆడమనిషి బుట్టతో వస్తుంది, సీతాఫలాలో, చీపురు కట్టలో, ఏవైనా కానీ. మా కోడలు సగానికి అడుగుతుంది, ఈ వేళప్పుడు ఎంతకైనా ఇచ్చేస్తారు అత్తయ్యా అంటుంది. ఆ మాట నిజమే. నిజం కాబట్టే నేను మధ్యలో కలగజేసుకుంటాను. నేను ధర అడగను. ఏ ఊరమ్మా అని అడుగుతాను. తిరిగి వెళ్ళడానికి తోడు ఎవరున్నారు అని అడుగుతాను. అవి చెప్పాక, పొద్దున్న ఎంత చెప్పావో అంతే తీసుకో అంటాను.

బేరమాడటం రాని ముసలిదాన్నని మా కోడలు నవ్వుకుంటుంది. నవ్వుకోనీ.