మావ ఇచ్చిన రిఫరెన్సు

ఉద్యోగాల వెబ్‌సైటులో ప్రొఫైలుకి మెరుగులు దిద్దుకుని, చేతికందిన ఉద్యోగాన్ని సముద్రంలో కలిపేసిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇక్కడ చూడండి. ఎచ్చెర్లలో ఎంబీఏ అయిపోయి, ఏడాదిగా ఇంట్లో ఫ్యాను కింద దొర్లుతున్న అప్పటి నన్ను తలుచుకుంటే, ఇప్పటికీ పిలిచి రెండు తగిలించాలనిపిస్తుంది.

నాన్న అప్పటికే తేల్చేశాడు. "దసరాలోగా ఉజ్జోగం వస్తే సరి. నేపోతే నరసన్నపేట బట్టల కొట్లో సీరలు మడతెట్టు. మాటాడీసినాను."

చీరలు మడతపెట్టడంలో తప్పేం లేదు. కానీ అప్పటి నేననే ఆ వెధవ తనని తాను కార్పొరేట్ పులి అనుకునేవాడు.

రిక్రూటర్లు ప్రొఫైలు చూసే వస్తారని ఎక్కడో చదివాను. ఫొటోకి స్టూడియోవాడి కోటు తొడుక్కున్నాను. కింద లుంగీయే, నడుము పైకే కదా తీసేది. అనుభవం అన్నచోట మాత్రం ఏం రాయాలి? మా మేనమావ నౌపడ దగ్గర చేపలు కొని ఐసు పెట్టెల్లో బజారుకి పంపుతుంటాడు. సెలవుల్లో ఒకటి రెండుసార్లు ఆ వ్యాను ముందు సీట్లో కూర్చుని నిద్రపోయాను. దాన్నే 'ఆపరేషన్స్ హెడ్, సీఫుడ్ సప్లై చైన్' అని రాశాను. మావ మేనేజింగ్ డైరెక్టర్ అయిపోయాడు, పాపం ఆయనకి తెలీదు. పైగా 'రాత్రీ పగలూ పనిచేస్తాను, దేశంలో ఎక్కడికైనా వెళ్తాను' అని కూడా తగిలించాను. అమ్మ తిడితే తప్ప వీధి చివరికి వెళ్లి పెరుగు తేని మనిషిని!

నమ్మండి, వల వేయగానే చేప పడింది. విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ నుంచి ఒక మేడమ్ ఫోన్లో ఇంటర్వ్యూ చేసింది. రాసినవన్నీ గడగడా అప్పజెప్పాను.

"బాగుంది. మీ పాత ఎండీ గారితో ఒకసారి మాట్లాడి ఆఫర్ పంపిస్తాం" అంది.

మావ నంబరు ఇచ్చాను. బుద్ధున్నవాడైతే మావకి అసలు సంగతి చెప్పేవాడు. కానీ పని కాకముందే బయటపెడితే దిష్టి తగిలి చెడిపోతుందని మా ఇళ్లల్లో గట్టి నమ్మకం. ఎంబీఏ ఆ నమ్మకాన్ని అంగుళం కూడా కదపలేకపోయింది.

మావకి ఫోన్ చేశాను. "మావా, నా గురించి ఒక మేడమ్ ఫోన్ సేస్తాది. కాస్త మంచిగా సెప్పు."

"ఏటి సంగతి?"

"అయినాక సెప్తాను. ఇప్పుడడక్కు."

మావ కిసుక్కున నవ్వాడు. "నాకు తెల్దేటి. నాను సూసుకుంటాను, నువ్వూరుకో."

ఆ నవ్వు వినైనా అనుమానం రావాలి. మన పులికి రాలేదు.

సాయంత్రం మావ స్వయంగా ఇంటికొచ్చాడు. "మాటాడినాన్రా అల్లుడూ. పిల్ల తరపోలు మంచోలు. ఎంత ఇవరంగా అడిగిందనుకున్నావు!"

"పిల్ల తరపోలా?" మంచం మీంచి లేచి కూర్చున్నాను. "ఏటడిగింది?"

"మీ దగ్గిర ఏ పని సేసీవోడు అంది. పనేటమ్మా, మా మేనల్లుడి సేత పూచికపుల్ల ఎత్తించనేదు, అంత గారంగా పెంచినాం అన్నాను."

"ఇంకా?"

"ఊర్లు తిరగ్గలడా అంది. అలాటి అలవాట్లు నేవు తల్లీ, సీకటడితే గుమ్మం దాటడు, ఎనిమిదికల్లా మంచమెక్కీస్తాడు అన్నాను. ఒత్తిడి తట్టుకుంటాడా అంది. అత్తోరింట్లో ఎవులేటన్నా నోరెత్తడు, ఓ మూల కూకుంటాడని సెప్పాను. ఆకరికి నానే అడిగినాను, పిల్లని మా ఇంటికి పంపుతారా, ఇల్లరికం కావాలా అని. ఫోన్ కట్టయిపోనాది. సిగ్గుపడినట్టున్నాది."

మర్నాడు కంపెనీ వాళ్ల మెయిలొచ్చింది. నాకు శుభం కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకున్నారు.

మావకి అసలు విషయం చెప్పాను. తల పట్టుకున్నాడు. "ఉజ్జోగానికా? ముందే సెప్పొచ్చు కదరా. పనిమంతుడివని సెప్పీవోణ్ణి." నన్నోసారి పైనుంచి కిందకి చూసి, "అబద్ధమైనా సెప్పీవోణ్ణి" అన్నాడు.

దసరా వెళ్లగానే బట్టల కొట్లో చేరాను. మొదటి రోజు నేను మడతపెట్టిన చీరలన్నీ యజమాని విప్పించి, మళ్లీ మడతపెట్టించాడు. ఆ చీరల గుట్ట మీద చెయ్యి వేసి శపథం చేశాను: ఈ జన్మలో ప్రొఫైల్లో అబద్ధాలు రాయను. ఒకవేళ రాసినా, నన్ను నిజంగా ఎరిగినవాళ్ల నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వను.