ఆపా తుడవనివ్వని ప్రశ్నగుర్తు

సలీమా ఆపా కన్నుమూశారని అటెండర్ వచ్చి చెబితే నేను నమ్మలేదు సరికదా, అతని మీద కసురుకున్నాను. ముందురోజు పొద్దున జ్వరంతో, ఆయాసంతో మా భువనగిరి దవాఖానకే తన కాళ్ల మీద తాను నడిచి వచ్చిన మనిషి! మరునాటి సాయంత్రానికి పార్థివదేహమై వెళ్లిపోయారు. ఆ దుఃఖాన్ని అక్షరాల్లో పెట్టడం నా శక్తికి మించిన పని. అయినా శిష్యుణ్ణి, రాయక తప్పదు.

మా రికార్డు గదికి ఆమె పెద్ద దిక్కు, మా అందరికీ ఆపా, అంటే అక్క. ఒకే రోగిని నలుగురు వైద్యులు చూస్తారు, కేస్ షీట్‌లో తలా ఒక రోగం పేరు రాస్తారు. అవన్నీ చదివి ప్రతి రోగనిర్ధారణకూ నిర్ణీత సంకేతం, అంటే కోడ్, వేయడం మా వృత్తి. రాతలు పొసగనప్పుడు మాకు తోచింది ఎంచుకునే అధికారం లేదు, ఆ రోగి బాధ్యత వహించిన వైద్యుణ్ణే అడగాలి. ఫోన్‌లో అడిగితే ఆపా ఒప్పుకునేవారు కాదు. షీటు పట్టుకొని వెళ్లి, ఆయన రాసేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే.

ఒకసారి గొర్లు కాసుకునే ఇంటి కోడలు దగ్గుతో చేరింది. ఒక డాక్టర్ న్యుమోనియా అన్నారు, మరొకరు క్షయ అని రాసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టారు. మా గదిలో ఒకతను క్షయ సంకేతమే వేసేశాడు. ఆపా అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"గా ప్రశ్నగుర్తు డాక్టర్ సాబ్ పెట్టిండు. తుడిచేటందుకు నువ్వెవనివి? రేపు గా పిల్లకు ఇంట్ల పల్లెం ఏరుగ పెడ్తరు, ఎరికేనా?"

ఆమె మొండితనంతో ఫైళ్లు గుట్టలుగా పేరుకునేవి. మేమంతా చీవాట్లు తినేవాళ్లం, లోలోపల తిట్టుకునేవాళ్లం కూడా. మధ్యాహ్నం తన డబ్బాలోని ఖిచిడీ మా పళ్లాల్లో పెడుతూ, "కోపమొచ్చిందారా? తిను జర," అనేవారు. ఇంకేం కోపం!

ఖననమైన తర్వాత ఆమె కేస్ షీట్ నా బల్ల మీదికే వచ్చింది. అత్యవసర విభాగంలో గుండెపోటు అని రాశారు, వార్డులో న్యుమోనియా అన్నారు, కిడ్నీ వైద్యుడు రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మూడింటి పక్కనా ప్రశ్నగుర్తులే. ఆపా కూతురు పర్వీన్ మా గది బయట బెంచీ మీద కూర్చుంది.

"అన్నా, మా అమ్మీ దేనికి పోయింది? గదే పని చేస్తవ్ గద, నువ్వన్న చెప్పు."

షీటు పట్టుకొని ఆపాకు వైద్యం చేసిన డాక్టర్ గుమ్మంలో నిలబడ్డాను.

"ఏదో ఒకటి వెయ్యవయ్యా. పోయినామె తిరిగొస్తదా?" అన్నారాయన.

నేను కదలలేదు. ఆయన విసుక్కున్నారు, ఇంకో రోగిని చూశారు. చివరికి షీటు తీసుకొని మొదటినుంచీ చదివారు. "పరీక్షల రిపోర్టులన్నీ రాకముందే పాయె. నిజంగ నాకు తెల్వదు," అంటూ, మరణకారణం నిర్ధారణ కాలేదని రాసి సంతకం చేశారు.

పర్వీన్‌కు అదే చెప్పాను. "గింత పెద్ద దవాఖానల ఒక్కలకు గూడ తెల్వదా?" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ పిల్లకు ఏదో ఒక రోగం పేరు చెప్పి ఓదార్చాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో! ఆపా నేర్పిన విద్య నా నోరు కట్టేసింది.

కారణం తెలియని మరణానికీ ఒక సంకేతం ఉంది. అది నాకు నేర్పిన రోజున ఆపా అన్నారు: "గిది ఏసేటప్పుడు చెయ్యి వణకాలె బిడ్డా. వణకకుంటే గీ పని ఇడిసిపెట్టు."

గురుతుల్యురాలైన ఆ తల్లికి ఇంతకన్నా పెద్ద నివాళి నా దగ్గర లేదు. వణుకుతున్న చేత్తోనే వేశాను, ఆపా.