అవ్వ గుంపులో ముయ్యి పని

మా అవ్వ జయలక్ష్మమ్మ అరవై దాటాక ఆన్‌లైన్‌లో బి.ఏ. చేరింది. నేను ఇంటర్ లాంటి పియుసి మధ్యలోనే చదువుకి దండం పెట్టినదాన్ని కాబట్టి, లింకు నొక్కే ఉద్యోగం నాకిచ్చింది. పాలు పిండుతూ కూడా పాఠం వింటుంది. కర్ణాటకలోని ఈ పేరేసంద్రలో మా ఆవంత చదువుకున్న ఆవు మరొకటి లేదు.

ఈ సెమిస్టర్‌లో గ్రూప్ వర్క్ వచ్చింది. పల్లెల్లో పాల డెయిరీ గురించి ముగ్గురూ తలా ఒక భాగం రాయాలి, ఎవరి భాగం వాళ్లే మాట్లాడాలి. ఒక్కరు నోరు విప్పకపోయినా అందరూ ఫెయిల్. అప్పుడు అవ్వకి ఏడాది పోయినట్టే. మిగతా ఇద్దరూ బాగేపల్లి చైత్ర, చింతామణి టమాటా మార్కెట్‌లో పనిచేసే అమరేష్. మొదటి మీటింగ్‌లో ఇద్దరూ కెమెరా, మైకు ఆపేసి నల్లపలకల్లా ఉండిపోయారు.

"ఏమ్మా చైత్రా, మొగం చూపియ్యవా? నేనేమన్నా పెండ్లిచూపులకి వచ్చిండానా? అమరేషప్పా, యాడుండావు? నిద్రపోతాండావా?"



"గోడతో మాట్లాడవ్వా, అదన్నా బెదిరి పలుకుతాది," అన్నాను.

"గమ్మునుండే, చదువు దొంగా!"

వేరుశనగ పీకే కాలంలో మా ఊళ్లో ముయ్యి పెట్టుకుంటారు. ఇవాళ మీ చేన్లో నేను, రేపు మా చేన్లో మీరు. ముయ్యి ఎగ్గొట్టినవాడి గడప ఎవరూ తొక్కరు. అవ్వకి అదే తోచింది. పాలబండి డ్రైవర్‌ని అడిగి, అమరేష్ రాయాల్సిన రవాణా భాగం తనే రాసి పంపింది. వెనకే వాయిస్ మెసేజ్.

"నీ చేన్లో కలుపు తీసినానప్పా. ఇంగ ముయ్యి తీర్చు. చైత్రమ్మ మేత భాగం నువ్వు రాయి. ఆడోళ్ల పని గురించి నా భాగం ఆయమ్మ రాస్తాది."

ఇద్దరూ రైతుబిడ్డలే. ముయ్యి అనేసరికి పౌరుషం వచ్చి రాసేశారు. ఎవరి భాగం వాళ్లే చెప్పాలన్న మాట మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

చెప్పే రోజు సారు కన్నడంలో, "అమరేష్, మీ రవాణా భాగం?" అన్నారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉన్నట్టుండి అమరేష్ కెమెరా వెలిగింది. వెనక టమాటా బాక్సులు.

"సార్, అది అవ్వ రాసింది. నేను రాసింది మేత గురించి."

"సచ్చినోడు, నిజం చెప్పేసినాడే!" అంది అవ్వ, మైకు ఆపకుండానే.

సారు "సరే, రాసిందే చెప్పండి," అన్నారు. అమరేష్ సీమగడ్డిని, అదే నేపియర్ మేతని, పొగడసాగాడు. తన పేరు మీదున్న మేత భాగంలో అలాంటి మాటలు పడుతుంటే చైత్ర ఊరుకుంటుందా? బిడ్డని చంకనేసుకుని తెర మీదికొచ్చింది. కన్నడం ఎటో పోయింది.

"వట్టి సీమగడ్డికి పాలల్లో వెన్న యాడొస్తాదన్నా? మా ఆవునడుగు!"

"నువ్వు మాత్రం? మొగోళ్లూ పాలు పిండుతారని నా భాగంలో రాస్తివే! అట్లాంటి మొగోన్ని యాడ చూసినావమ్మా?" అంది అవ్వ.

"నేను పిండుతానవ్వా!" అన్నాడు అమరేష్.

టైమ్ అయిపోయిందని సారు అన్నా వినేవాళ్లు లేరు. మిగతా గుంపులన్నీ కాగితం చూసి చదివి వెళ్లిపోయాయని, కొట్లాడుకునేంత తెలిసింది ఈ ముగ్గురికేనని చెప్పి ఆయన పాస్ చేశారు. పని తారుమారు చేసినందుకు కొన్ని మార్కులు కోశారు.

ఆ కోసిన మార్కుల కోసం అవ్వ అమరేష్‌ని ఇంకా తిడుతూనే ఉంది, రోజూ తనే ఫోన్ చేసి మరీ.