గన్నేరు కొమ్మలూ పిండి నీళ్లూ

మా నాయనమ్మ చెప్పిన కథల్లో విషం తిన్న రాజు ముద్ద గొంతు దిగకముందే నీలంగా మారి పడిపోయేవాడు. సండే స్కూల్లో విన్న కథ నాకు అంతకంటే ఇష్టం. కరువులో ఎవరో తెలియక అడవి కాయలు కోసి కూర వండుతారు. తిన్నవాళ్లు కుండలో చావుందని అరుస్తారు. ప్రవక్త కాస్త పిండి వేసి ఆ విషాన్ని విరిచేస్తాడు. ఎన్ని కాయలకు ఎంత పిండి అని అడిగితే టీచరమ్మ నవ్వి ఊరుకుంది.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, చేసి చేసి వచ్చాయి. చోడవరంలో ఎవరి చేను గట్టు వంకరపోయినా, ఎవరి చెరకు బండి తూకం మీద అనుమానం వచ్చినా నన్ను పిలుస్తారు.

మా చర్చిలో పండుగ అలంకరణ విప్పాక ఆ పచ్చి ఆకంతా పశువున్న ఇంటికి పంపుతారు. అరటి బోదెలు, మామిడి రొట్ట, ఏదీ చెత్తలో వేయరు. మొన్న ఈస్టర్ తర్వాత అది మా అక్క ఇంటికి వచ్చింది. బావ పోయాక అక్కకు ఆ ఒక్క ఆవే ఆధారం. ఈసారి కుర్రాళ్లు చర్చి ద్వారానికి గన్నేరు కొమ్మలు కట్టారు. అవి ఊరికే దొరుకుతాయి, పూలు బాగుంటాయి. పచ్చి గన్నేరును పశువు మూతి పెట్టి వదిలేస్తుంది. వాడిపోతే చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. పూలు రాలిపోయి ఆకులు సన్నగా ముడుచుకున్నాయి. అక్క అన్నిటితో పాటు వాటినీ నరికి, చెరకు ఆకులో కలిపి వేసింది.

తెల్లారి కబురు వస్తే వెళ్లాను. ఆవు చొంగ కారుస్తూ వణుకుతోంది. తొట్లో మిగిలినది వేళ్లతో విడదీశాను. గన్నేరే.

"దేవుడి మందిరంలోంచి వచ్చిందే కదా, ఏటవుద్దనుకున్నాన్రా" అంది అక్క.

పశువుల డాక్టరు కె.కోటపాడు అవతల ఇంకో పశువు దగ్గర ఉన్నారు. ఫోన్లో, బరువెంత, ఎంత తిన్నది అని అడిగారు. టేపు తీసి ఆవు ఛాతీ చుట్టుకొలత, పొడవు కొలిచాను.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏటే, మీ తమ్ముడు ఆవుకి జాకెట్టు కుడతన్నాడా?" అంది. తర్వాత ఆవు ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది.

తొట్లో మిగిలిన దాన్ని బట్టి తిన్నదెంతో లెక్క వేశాను. ఇంకో పద్ధతిలోనూ వేశాను. ఎటు వేసినా ఆవు తట్టుకునే దానికంటే చాలా ఎక్కువే తేలింది. ఫోన్లో చెబితే డాక్టరు ఈలోగా ఏం చేయాలో చెప్పి, బయలుదేరుతున్నానన్నారు.

అక్క బేసిన్లో నీళ్లు పోసి పిండి కలిపి తెచ్చింది. "తల ఎత్తి పట్టు, పోస్తాను."

"నోట్లో ఏటీ పొయ్యొద్దన్నారక్కా. ఊపిరితిత్తుల్లోకి పోద్దంట."

"మరేటి సెయ్యమన్నారు?"

"నీడలో ఉంచి, కదపొద్దన్నారు."

"అంతేనా?"

"అంతే."

"నీ లెక్కలో ఏటొచ్చింది?"

టేపు చుట్టుకుంటూ, "బరువు అటూ ఇటూ ఉంటాదక్కా, గట్టిగా సెప్పలేం" అన్నాను.

"అయితే బతకొచ్చు" అంది. బేసిన్ ఆవు ముందు పెట్టి కూర్చుంది. ఆవు దాని వైపు చూడలేదు.

ముందుకాలు వెనక, డొక్క మీద చెయ్యి పెట్టాను. గుండె రెండుసార్లు కొట్టుకుని ఆగింది. తర్వాత ఒక్కటి. తర్వాత గబగబా ఏవో. ఏ రెంటికీ మధ్య ఎడం సమానంగా లేదు. లెక్కించడం నాకు తెలిసిన ఒకే పని, అక్కడ అదీ సాగలేదు. అక్క నా ముఖమే చూస్తోంది. చెయ్యి తీయలేకపోయాను.

డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చారు. సూది పెట్టెలో పెట్టుకోకముందే ఆవు ముందుకాళ్లు మడిచి కూలింది.

దాని పెయ్యదూడను వేరే పాకలో కట్టడం వల్ల అది మిగిలింది. మధ్యాహ్నానికి ఆకలితో అరవడం మొదలుపెట్టింది. నేను చేలోకి వెళ్లి చెరకు ఆకు కోసి తెచ్చాను. అక్క కట్ట విప్పి ఒక ఆకు తీసి చూసింది.

"ఇది సెరకేనా?"

"సెరకే అక్కా. నా సేత్తో కోసేను."

"సరిగ్గా సూసి సెప్పు."

చూసి చెప్పాను. దాన్ని పక్కన పెట్టి ఇంకో ఆకు నా చేతికిచ్చింది. దూడ తాడు లాగుతూ అరుస్తోంది. ఆమె ఒక్క ఆకూ దాని ముందు వేయలేదు.