పద్మ చేపలు, నా బెల్లం సీసా

మా వీధిలో ఎవరింట్లో ఏం ఉడికినా ముందు నా ముక్కుకే తెలుస్తుంది. అలాంటిది మొన్న మా ఇంట్లోనే సారా కాస్తున్నామని రాజాం దాకా కబురు వెళ్లింది! అసలు జరిగింది నా నోటే వినండి. కొసరు సంగతులు మీరు బయట ఎలాగూ వినే ఉంటారు.

మా ఆడపడుచు పద్మ రాజాంలో కాలేజీ లెక్చరర్. పిల్లలకు పాఠాలు, చేపలకు కబుర్లు చెబుతుంది. అబద్ధం కాదు. అక్వేరియం ముందు కూర్చుని "తిన్నారా అమ్మా?" అని అడుగుతుంది. ఈ సంగతి మా ఊరందరికీ తెలుసు, నేనే చెప్పాను. ఇంటికి రంగులు వేయిస్తూ, ఆ వాసన చేపలకు పడదని తొట్టెను మొక్కలతో సహా తెచ్చి మా నడిమింట్లో, కిటికీ పక్కన పెట్టింది.

"వదినా, మేత తప్ప ఇంకేటీ ముట్టుకోకు. నీకు దండం పెడతాను" అని మరీ వెళ్లింది.

ముట్టుకోలేదు. అయినా మొక్కల ఆకులు రోజురోజుకీ ఎర్రబడసాగాయి. తెల్లారితే పద్మ వ్యాన్ తీసుకుని వస్తుందనగా, చిగుళ్లు కూడా ఎర్రగా కాలినట్టు కనిపించాయి. ఊరందరి పెరళ్లలో మొక్కలకూ వంకలు పెట్టే మనిషిని, గాజు తొట్టెలో నాలుగు మొక్కల్ని చంపానంటే ఇంకేమైనా ఉందా?

ఫోన్లో వెతికాను. వీడియోలో ఒకాయన చెప్పాడు: నీళ్లలో మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ కావాలి. సిలిండర్ లేకపోయినా పరవాలేదు. సీసాలో పంచదార నీళ్లు పోసి చిటికెడు ఈస్టు వేస్తే గ్యాస్ పుడుతుంది, సన్న గొట్టంతో తొట్టెలోకి వదలండి, మెల్లగా, ఒక్కొక్క బుడగే.

ఒక్కొక్క బుడగతో తెల్లారేసరికి ఏం పచ్చబడుతుంది?

పంచదార నిండుకుంది, బెల్లం కరిగించి పోశాను. మా అమ్మాయి కేకు చేస్తానని తెచ్చి, కేకులో ఈస్టు వేయరని తెచ్చాక తెలుసుకున్న ప్యాకెట్ ఉంటే, చిటికెడు కాదు, ఉన్నదంతా వేశాను. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర అడిగి తెచ్చిన సెలైన్ గొట్టాన్ని సీసా మూతకు బిగించి, మైనంతో సందులు మూసి, రెండో కొస తొట్టెలో ముంచాను. అంతటితో ఆగానా? చలికాలంలో చోడి అంబలి, అదే రాగి అంబలి, త్వరగా పులవాలంటే కుండకు ఏం చేస్తాం? గోనె చుట్టి వెచ్చగా పెడతాం. సీసాకీ అదే చేశాను. గోనెసంచి చుట్టి, కిటికీలో ఎండకు పెట్టాను.

మధ్యాహ్నానికి బుడగలు! ఒక్కొక్కటి కాదు, పప్పు కుతకుత ఉడికినట్టు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. అబ్బో, ఆకలి పెరిగింది, నా చేతి మహిమ అనుకుని మేత వేశాను. ఒక్కటీ ముట్టలేదు. నోళ్లు మాత్రం తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

అప్పుడే మా బావ పొలం నుంచి వచ్చాడు. బావంటే మా ఆయనే, మాది మేనరికం. కాళ్లు కూడా కడుక్కోకుండా తొట్టెలోకి తొంగిచూశాడు.

"ఒసే, ఆటికేటైనాది? ఊపిరాడ్డం నేదే!"

"గ్యాసు పెట్టాను బావా, మొక్కలకి."

"ఏ గ్యాసు?"

"కార్బన్ డయాక్సైడు."

"మనం బయటికొదిలే గాలి ఆటిసేత పీలిపించేస్తన్నావా? పద్మ మనిద్దరినీ బతకనిస్తాదేటే?"

గబగబా సెలైన్ గొట్టానికి ఉండే చక్రం తిప్పి బిగించేశాను. బుడగలు ఆగాయి. చెంబుతో నీళ్లు తీసి, టీ తిరగబోసినట్టు పైనుంచి ధారగా పోయమన్నాడు బావ, గాలి కలుస్తుందని. పోస్తూనే ఉన్నాను. ఒక చేప పక్కకు ఒరిగింది. "నాయనా, దిగు నాయనా. మీ అమ్మ వచ్చేస్తాది, నా పరువు తీకు" అని బతిమాలుతున్నాను. చేపలతో మాట్లాడేది పద్మ ఒక్కతే అనుకున్నారా? ఆమె కుశలం మాత్రమే అడుగుతుంది, నేను కాళ్ల మీద పడ్డాను.

చివరికి ఒరిగిన చేప తోక ఆడించింది. ఒకదాని వెనుక ఒకటి అడుగుకు దిగాయి. నేనూ ఊపిరి తీసుకున్నాను.

సరిగ్గా అప్పుడే పక్కింటి సూరమ్మత్త తోడు మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. సాయంత్రం భజనకని ఇస్త్రీ చీర కట్టుకుంది.

"ఏటమ్మీ, కిటికీలో గోనె సుట్టి పెట్టినావు, ఏటది?" అంటూ వంగి చూసింది.

గొట్టం బిగించాను గానీ, గోనెలో ఉన్న సీసా మాట మరిచిపోయాను. గ్యాసుకు దారేదీ?

ఢామ్మంది! మూత పైకప్పుకు తగిలింది. బెల్లం నురగ సూరమ్మత్త జుట్టు నుంచి కుచ్చిళ్ల దాకా కారింది. ఇల్లంతా ఒకటే పులిసిన వాసన. ఆమెకు దెబ్బ తగల్లేదు. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకసారి పీల్చింది. మళ్లీ పీల్చింది. నన్ను చూసింది.

"ఓలమ్మ! నువ్వా!"

"అది కాదత్తా, మొక్కలకి గ్యాసు..."

"మొక్కలకా? సాల్లే, సెప్పకు." గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఇల్లు పక్కనే. చీర మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. అలాగే భజనకు వెళ్లింది. సాక్ష్యం కదా!

నేనింకా గోడ తుడుస్తుండగానే రాజాం నుంచి ఫోన్. పద్మ గొంతులో ఏడుపు.

"వదినా, సారా కాసి నా సేపలకి పోసేసినారట, అవి మత్తెక్కి పైకి తేలిపోనాయట, నిజమేనా? బతికున్నాయా?"

"బతికున్నాయి, మీ అన్నయ్య మీద ఒట్టు" అన్నాను. పక్కనే ఉన్న బావకు అది నచ్చలేదు.

మర్నాడు వ్యాన్ దిగి నేరుగా తొట్టె దగ్గరకు పరిగెత్తింది. ఒక్కో చేపనూ పలకరించింది. అన్నీ ఉన్నాయి. ఇక మొక్కల వంతు. నేను తలుపు చాటుకు జరిగాను.

"వదినా! ఏటి సేసినావు? ఈ ఎరుపు కోసమే కదా మా ఇంట్లో లైట్ల మీద లైట్లు మారుస్తన్నాను! ఎండ తగిలితే గానీ ఈ మొక్కకి అసలు రంగు రాదు!"

అంటే మొక్కలకు ఏ జబ్బూ లేదు. పద్మ కిటికీ పక్కన పెట్టినదే చాలింది, నేను చేసిందేమీ అక్కర్లేదు.

చేపలు హాయిగా రాజాం వెళ్లిపోయాయి. ఇప్పుడు నేనే రోజూ గుమ్మంలోకి వచ్చి నోరు తెరుస్తున్నాను, "అది సారా కాదర్రా" అని. ఒక్కరూ ఆగడం లేదు. కథలో మాత్రం రోజుకో సీసా పెరుగుతోంది. తప్పు పట్టలేను. అలా పెంచి చెప్పడం వాళ్లందరికీ నేర్పింది నేనే.