పాటకు ముందు మోత

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. స్కూలు వార్షికోత్సవమైనా, పెద్దమనుషుల సభైనా, ముందుగా మైకులో మోగేది ఆయన గొంతే. "హలో... హలో... చెక్..." అనే ఆ ముక్కే చివరికి ఆయనకు పేరై కూర్చుంది. హలోగారు. పోస్టు తెచ్చే మనిషి కూడా కవరు మీద పేరు చూడకుండానే తెచ్చి ఇచ్చిపోతాడు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్క సంగతి గమనించినట్టు లేడు. హలోగారు జన్మంతా హలో అన్నాడే తప్ప, అవతలివాళ్లు ఏం చెబుతున్నారో వినిపించుకున్నది బహు తక్కువ.

అలాగని చెవిటివాడు కాదు. అవి అలాంటిలాంటి చెవులు కావు. జనం కిటకిటలాడే హాల్లో ఏ మూల స్పీకరుకు స్క్రూ వదులైందో కూర్చున్న చోటి నుంచే చెప్పగలడు. అయితే ఎంత గొప్పవాళ్లు వచ్చి పాడినా ఆయన వినేది పాట కాదు. పాట వెనకాల వైర్లలో కరెంటు పెట్టే రొద, గాలి తగిలినప్పుడు మైకు పడే ఆయాసం, అవీ ఆయనకు కావలసినవి. తన పెళ్లిలో ఎవరో పెద్దాయన మైకు పట్టుకుని నాలుగు మంచి మాటలు చెబుతుంటే అది కీచుమందట. పెళ్లికొడుకు చక్కా లేచి వెళ్లి యాంప్లిఫయరు దగ్గర సెటిలయ్యాడు. ఫోటోల్లో చాలావాటిలో పెళ్లికూతురి పక్కన ఖాళీ కుర్చీయే ఉంటుంది. "నేను మనిషిని చేసుకున్నానా, కుర్చీని చేసుకున్నానా అని అనుమానం వచ్చింది" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది, నవ్వుతూనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, ఆవిడ దాన్ని మార్చే ప్రయత్నం ఎప్పుడో మానుకుంది.

ముందుగది షాపు, వెనకగది కాపురం. ముందుగదిలో మేకులకు వేలాడే వైరు చుట్టలు, వీపులు ఊడదీసిన యాంప్లిఫయర్లు, బల్ల మీద ఎన్నేళ్లయినా బాగుపడని పాతది ఒకటి, సోల్డరింగు పొగ వాసన. ఆ వాసనలోనే కూతురు పెరిగింది. ఆయన దాన్ని అమ్మడు అంటాడు. బడి నుంచి వస్తూనే బల్లకు చేరగిలబడి ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. ఈయన నోట్లో ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉండేది కాబట్టి, ఎంత చెప్పినా "ఊఁ" అనే జవాబు. ఎవరో బాగుకు ఇచ్చి మళ్లీ రాని గిటారు ఒకటి మూలన పడి ఉంటే, అమ్మడు దాంతో కుస్తీపట్టి సొంతంగా నేర్చుకుంది. మొదటిసారి ఒక బాణీ కట్టుకుని వచ్చి వాయించి, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది.

"మూడో తీగ దగ్గర బర్రుమంటోంది. ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చింది. ఆయన సరిచేసి ఇచ్చాడు. బాణీ ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. అడిగిన సంగతే ఆయనకు గుర్తులేదు.

పెద్దయ్యాక అమ్మడు ఇంకో ముగ్గురితో కలిసింది. పాటలు వాళ్లే రాసుకుంటారు, బాణీలు వాళ్లే కట్టుకుంటారు, ఏ కంపెనీ అండా లేకుండా ఊరూరా తిరిగి పాడతారు. ఇండీ బ్యాండు అంటారట. "సినిమా పాటలు పాడని వాళ్లకు మైకెవడు ఇస్తాడే?" అని హలోగారు కొన్నాళ్లు వేళాకోళం చేశాడు. ఇచ్చేవాళ్లు ఇచ్చారు. చిన్న చిన్న కాఫీ షాపుల్లో, కాలేజీల్లో పాడుతూ పాడుతూ నలుగురి నోళ్లలోనూ నానారు. ఆయన ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. తనకు పని లేని చోటికి వెళ్లి ఏం చేయాలో ఆయనకు తెలియదు.

చివరికి వాళ్లే సొంతూరికి వచ్చారు. పార్కు మైదానంలో ఆదివారం సాయంత్రం ఆరుబయట కచేరీ. కొన్ని బ్యాండ్లు వరసగా పాడతాయి, అమ్మడి వాళ్లది ఆఖరు. సౌండు పని గడ్డంకి అప్పగించామని అమ్మడు చెప్పేసరికి హలోగారి మొహం వాడిపోయింది. గడ్డం అని అందరూ పిలిచే అతను ఒకప్పుడు ఈ షాపులోనే పని నేర్చుకుని, ఇప్పుడు సొంత సామాన్లతో వ్యాపారం చేసుకుంటున్న మనిషి.

"నేను చచ్చాననుకున్నావా?" అన్నాడు.

"నువ్వు అమ్మ పక్కన కుర్చీలో కూర్చోవాలి నాన్నా. అందుకే నీకు ఇవ్వలేదు. కొత్త పాట ఒకటుంది. అది నువ్వు వినాలి."

"వింటాలే. పని చేస్తూ వినలేనా?"

"అలా కాదు. ఊరికే వినాలి. ఆ ఒక్క పాట. ఇంకేం అడగను నిన్ను."

ఆ పిల్ల ఇన్నేళ్లలో నోరు తెరిచి ఆయన్ని కోరింది అదొక్కటే. సరేనని మాట ఇచ్చాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గడప దాటబోతుంటే భార్య ఆపి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి గూట్లో పెట్టింది.

మైదానం నిండా జనం. కుర్రకారంతా గడ్డి మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. పెద్దవాళ్లకు ముందు రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. ఇనుప గొట్టాల స్టేజీ మీద ఏటవాలు ఎండ పడుతోంది. కుడి స్పీకరు కొంచెం పక్కకు తిరిగి ఉందని హలోగారు వస్తూనే పసిగట్టాడు. భార్య ఆయన మణికట్టు మీద చేయి వేసి ఉంచింది. ముందు వచ్చిన వాళ్లెవరో పాడుతున్నంతసేపూ ఆయన ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

అమ్మడు స్టేజీ ఎక్కాక మాత్రం చిత్రం జరిగింది. మొదటి రెండు పాటలూ వాళ్లు ఉరకలెత్తించారు. గడ్డి మీద కుర్రాళ్లు లేచి గంతులు. హలోగారి కాలు తాళం వేయడం భార్య కళ్లారా చూసింది. 'ఇంత బాగా పాడుతుందా ఇది?' అనుకున్నాడు. అమ్మయ్య అని ఆవిడ ఆయన మణికట్టు మీంచి చేయి తీసేసింది. తీయకుండా ఉండాల్సింది.

ఆఖరి పాటకు ముందు డ్రమ్ముల దగ్గర మైకు స్టాండు ఒరిగింది. దాన్ని నిలబెట్టడానికి గడ్డం జనం వెనకాల మైకుల హెచ్చుతగ్గులు చూసే మిక్సరు వదిలేసి స్టేజీ మీదికి పరుగెత్తాడు. అంతే, హలోగారి ప్రాణం మిక్సరు మీదికి పోయింది. పసిబిడ్డను నడిరోడ్డు మీద వదిలేసి వెళ్లినట్టు ఎలా వెళ్లాడు వీడు? ఈలోగా అమ్మడు మైకు దగ్గరికి వచ్చి జనంతో ఏదో చెబుతోంది. ఆయన చెవిలో పడింది మాటలు కాదు, 'స' అన్నప్పుడల్లా చిన్న ఈల వస్తోంది, అది. జనం నవ్వారు. చుట్టుపక్కల కూర్చున్న కొందరు తలలు తిప్పి ఆయన వైపే చూసి చిరునవ్వు నవ్వారు. కాలరు మడత పడిందేమోనని సవరించుకున్నాడు.

అప్పుడు మొదలైంది. స్పీకర్లలోంచి సన్నగా, ఎడతెగకుండా, గూఁ... అని.

హలోగారు కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి! అది మీ..." అంటూ భార్య చొక్కా పట్టుకోబోయింది.

"ఉండు, ఎర్తు పోయింది. పాటంతా పాడైపోతుంది" అని విదిలించుకున్నాడు.

ఆ వయసులో అంత పరుగు ఎవరూ ఊహించరు. గడ్డి మీద పరిచిన దుప్పట్లు దాటాడు, మనుషుల్ని దాటాడు, ఎవరిదో మంచినీళ్ల సీసా తన్నేశాడు. మిక్సరు మీద వరసగా ఉన్న మీటల్లో దేని లైటు వెలుగుతోందో ఒక్క చూపులో పట్టేశాడు. ఈ మోత ఎక్కడో బాగా విన్నదేనని లోపల అనిపించకపోలేదు. అయినా మోతల్లో మంచి మోత ఏముంటుంది ఆయనకు? మీట కిందికి లాగేశాడు. మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. అంత శుభ్రమైన నిశ్శబ్దం పాతికమంది ఇంజనీర్లు వచ్చినా తేలేరు.

తీగల మీద వేళ్లు పెట్టి ఉన్న అమ్మడు తలెత్తింది. స్పీకరు వైపు చూసింది, తర్వాత మిక్సరు వైపు చూసింది. నాన్న బొటనవేలు పైకెత్తి, కానివ్వమన్నట్టు చూపిస్తున్నాడు. కూతురి కచేరీని తనే నిలబెట్టానన్న సంతోషం మొహమంతా ఉంది. అమ్మడు ఒక్క క్షణం ఆగి, మోత లేకుండానే పాట ఎత్తుకుంది. గొంతు మొదట్లో కొంచెం వణికి తర్వాత కుదురుకుంది. ఆయన మాత్రం ఆ పాట ఆఖరి దాకా మీట మీద వేలు తీయకుండా, మోత మళ్లీ వస్తుందేమోనని కాపలా కాశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గర్వంగా కుర్చీ దగ్గరికి వస్తే భార్య కళ్లు తుడుచుకుంటోంది.

"చూశావా, సమయానికి అందుకున్నాను" అన్నాడు.

"ఏం అందుకున్నారండీ? అది దాని పాటలోదే. మీ బల్ల మీద ఉంటుందే, ఎన్నేళ్లయినా మీకు లొంగని ఆ పాత యాంప్లిఫయరు, దాని మోత అది. మీరు బయటికెళ్లినప్పుడు నా చేత ఫోనులో రికార్డు చేయించుకుంది."

"దాని మోత ఎందుకు?"

"చిన్నప్పుడు చీకటంటే భయం కదా దానికి. ముందుగదిలో ఆ మోత వినిపిస్తున్నంతసేపూ నాన్న మేలుకునే ఉన్నాడని ధైర్యంగా నిద్రపోయేదట. 'ఈ పాట మా నాన్నది, ముందుగా ఆయన చప్పుడే వినండి' అని ఇప్పుడేగా మైకులో చెప్పింది! అందరూ మిమ్మల్నే చూశారు. ఇంతమందిలో విననిది మీరొక్కరే."

ఆయన గబగబా స్టేజీ వెనక్కి వెళ్లాడు. అమ్మడు వైర్లు చుడుతోంది, ఎక్కడా మెలి పడకుండా.

"అమ్మడూ, ఇంకొక్కసారి పాడవా? ఈసారి కదలను. కావాలంటే కుర్చీకి కట్టేయ్."

"స్టేజీ విప్పేస్తున్నారు నాన్నా. వ్యాను కూడా వచ్చేసింది."

"నాకేం తెలుసమ్మా, నేను..."

"పోనీలే నాన్నా. బాగుచేద్దామనే కదా నువ్వు వచ్చింది" అని ఆయన భుజం మీద చేయి వేసింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలికపడేవాడు. ఇంటికి వచ్చాక తెలిసింది, చెప్పాల్సిన మాటలు ఒక్కటీ చెప్పలేదని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆ తర్వాత హలోగారు ఆ పాత యాంప్లిఫయరు జోలికి స్క్రూడ్రైవరు పోనివ్వలేదు. పని లేనప్పుడు స్విచ్చి వేసి, ఎదురుగా కూర్చుని వినేవాడు. "మోత కొడుతోంది, చూడరేం?" అని వచ్చినవాళ్లు అడిగితే, "కొట్టనీ" అనేవాడు. ఈ మనిషికేమైందని వాళ్లు గుసగుసలాడుకున్నారు.

వానలు తగ్గుముఖం పట్టాక పొరుగూళ్లో మళ్లీ ఆరుబయట కచేరీ అని తెలిసింది. పిలవకుండానే బస్సెక్కి వెళ్లాడు. కుర్చీ దొరక్కపోతే తడిగడ్డి మీదే చతికిలబడి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. ఏ స్పీకరు ఎటు తిరిగి ఉందో చూడలేదు. మెరుపులు రానీ, స్టేజీ కూలిపోనీ, లేచేది లేదనుకున్నాడు. ఆఖరి పాట వచ్చింది. మోత కోసం ఊపిరి బిగబట్టాడు.

మోత రాలేదు. అమ్మడు నేరుగా పాట ఎత్తుకుంది. 'బల్ల దగ్గర వెలుగు, వెలుగుకు వీపు, వీపుకు చెబుతాను నా రోజంతా' అని మొదలవుతుంది ఆ పాట. మాటమాటా విన్నాడు. ఆ వీపు తనదేనని తెలిసి ఆయన కళ్లు నిండాయి. బాగా పాడింది. ఎంత బాగా పాడిందంటే, ముందు మోత ఉండాల్సిందన్న సంగతి పాట మధ్యలో ఆయనకే కాసేపు గుర్తులేదు.

అయ్యాక తండ్రిని చూసి అమ్మడు పరుగెత్తుకొచ్చింది. "నాన్నా! నువ్వెప్పుడొచ్చావు?"

"మొదట్నుంచీ ఉన్నాను. ఆ మోత... మర్చిపోయారా అమ్మడూ?"

"లేదు నాన్నా, తీసేశాం. ఆ రోజు నువ్వు ఆపేశాక పాట ఎంత తేలికగా ఉందోనని మావాళ్లంతా అన్నారు. తర్వాత రికార్డింగు విన్నాను, నాకూ అలాగే అనిపించింది. అప్పట్నుంచీ ఇలాగే పాడుతున్నాం. ఊరికే అంటారా, నీ చెవికి తిరుగులేదు!" అంది. దెప్పడం కాదు, మనస్ఫూర్తిగానే అంది.

మళ్లీ పెట్టండమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ఆ పాట విన్నాడు. మోత లేకపోతేనే బాగుందని ఆయనకూ తెలుసు. చెవుల విషయంలో ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

"అవునమ్మా, ఇలాగే ఉండనీ" అన్నాడు.