మురుకుల మీద సుంకం

నా చిన్నప్పుడు నేను ఓడిన ప్రతి ఆటకూ ఒక కారణం ఉండేది. ఆ కారణం ఎప్పుడూ నేను కాదు. గాలి, ఎండ, చెప్పు తెగడం, ఆఖరికి మా మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక కంట్లో పడడం. తొమ్మిదో తరగతికొచ్చేసరికి కారణాలన్నీ ఒకే చోట పోగయ్యాయి: నా షటిల్ రాకెట్. కట్టెది. ఎంత బరువంటే, దాంతో ఆడితే ఆటా అయ్యేది, పిండి దంచిన పుణ్యమూ దక్కేది.

సూర్యాపేటలో ఒక ఆటసామాన్ల దుకాణంలో, గాజు బీరువాలో విదేశీ రాకెట్ ఒకటి వేలాడేది. బతిమాలి మా పెదనాయనను తీసుకెళ్లాను. ధర వినగానే ఆయన బీరువా మీద ఆనించిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సరుకు ధర సగమే సారూ. తక్కిన సగం సుంకం. దేశంల దిగేకాడనే గవర్నమెంటు వసూల్ జేస్తది" అన్నాడు దుకాణదారు.

మరుసటి నెల కోదాడలో ఆడపిల్లల పోటీ. అంతకు ముందేడు గెలిచిన కోదాడ అమ్మాయి చేతిలో అలాంటి రాకెట్టే ఉండి ఉంటుందని నేను ఎప్పుడో తీర్మానించాను. చూడలేదు, తీర్మానించానంతే. సుంకాన్ని తిట్టుకుంటూ బస్సులో మిర్యాలగూడ దాకా ఏడ్చి, ఇంటికొచ్చి అన్నం మానేశాను.

మా పెదనాయన వడ్ల మార్కెట్ చెక్‌పోస్టులో లారీలకు గేటెత్తే ఉద్యోగి. విడమరిచి చెప్పడం ఆయనకు రాదు; గేటు వెయ్యడం వచ్చు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడలో ఉన్న సందుకు అడ్డంగా వెదురుబొంగు కట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కింటి అక్క మురుకులు నోట్లో వేసుకుంటే కరిగేవి. మా నాయనమ్మ మురుకులు వేసుకుంటే పళ్లు అరిగేవి. నా దిగుమతులన్నీ ఆ సందులోంచే.

"రెండు తెస్తే ఒకటి ఈడ వెట్టిపో బిడ్డా. సుంకం."

"ఎందుకు పెదనాయనా?"

"మరి మీ నాయనమ్మ సరుకు బతకొద్దా?"

నాయనమ్మ మురిసిపోయింది. హుషారుగా ఒక వాయి చేసింది. పోటీ లేదని తెలిశాక ముందు వాము మరిచింది, తర్వాత ఉప్పు, ఆ తర్వాత మమ్మల్ని. "తినకేం జేస్తరు? గేటున్నది గద!" అనేది. పెదనాయన మాత్రం సుంకం మురుకులతో బుగ్గలు పెంచాడు.

ఆదివారం క్రికెట్ మ్యాచ్ వచ్చింది. వీధి మొత్తానికీ టీవీ పక్కింట్లోనే. పెదనాయన తువ్వాల దులుపుకుని వెళ్తే, అక్క తన గుమ్మానికి చీపురుకట్ట అడ్డంపెట్టి పీట మీద కూర్చుని ఉంది.

"కాకా, నీకు మ్యాచ్ గూడ బయట సరుకే. సుంకం కట్టి లోపలికి రా."

ఆయన జేబులోంచి నాయనమ్మ మురుకు తీసిచ్చాడు. అక్క దాన్ని గడపకేసి కొట్టి, చప్పుడు విని, "ఇది చెల్లదు" అంది. అంతలో లోపల పెద్ద కేక. ఎవరో అవుట్. ఎవరో తెలియక పెదనాయన పడ్డ పరేషాన్ అంతా ఇంతా కాదు. పరుగెత్తుకొచ్చి బొంగు పీకేశాడు.

నాయనమ్మ రెండు రోజులు అలిగింది. మూడో రోజు కొంగుచాటున పిండిగిన్నె పెట్టుకుని, ఆ సందులోంచే పక్కింటికి వెళ్లింది. పిండిలో వేడినూనె ఎంత పొయ్యాలో అడిగొచ్చింది. ఆ వాయి మురుకులకోసం మేం కొట్టుకున్నాం.

"సుంకం సంగతి సమజైందా?" అన్నాడు పెదనాయన. అయిందన్నాను. సగమే అయింది.

కోదాడలో ఆ అమ్మాయి గుడ్డసంచిలోంచి రాకెట్ తీసింది. కట్టెది. నాదానికన్నా పాతది, పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఆ రోజు గాలి లేదు, ఎండ లేదు, చెప్పూ తెగలేదు. చిత్తుగా ఓడాను. చెయ్యి కలుపుతూ ఆ పిల్ల నా రాకెట్ వంక ఆశగా చూసింది.

"నీ రాకెట్ భలే ఉందే! ఎక్కడ కొన్నావు?"

నాకు నాయనమ్మ పిండిగిన్నె గుర్తొచ్చింది. సిగ్గు మింగి, "ఆ ఎడమపక్క దెబ్బ ఎట్ల కొడతవో జర సూపియ్యవా?" అని అడిగాను. సాయంత్రం బస్సు వేళదాకా చూపించింది.

ఇప్పటికీ ఎక్కడైనా ఓడితే నా నోరు ముందు సుంకాన్నే వెతుకుతుంది. అప్పుడు ఎదుటివాళ్ల చేతిలో ఏముందో ఒకసారి చూస్తాను. చూశాక, కొంగుచాటున నా గిన్నె పెట్టుకుని బయల్దేరతాను.